స్పానిష్ వచ్చేదాకా ఇక్కడే ఆగిపోనా?

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు పేద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 39. బేగంపేటలో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్‌లో చాలా ఏళ్ళుగా ఉద్యోగం చేస్తున్నారు. భర్త గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్. కంపెనీ ఆయన్ని బార్సిలోనా ఆఫీసుకు పంపుతోంది. ఎనిమిది నెలల్లో కుటుంబమంతా వెళ్ళాలి. అక్కడ కనీసం మూడేళ్ళు, కుదిరితే ఇంకా ఎక్కువ. ఒక్కతే కూతురు, పదకొండేళ్ళది. అత్తగారు ఇక్కడే ఆడపడుచు ఇంట్లో ఉండటానికి ఒప్పుకున్నారు.

'వెళ్ళడం నాకూ ఇష్టమే' అంటూ మొదలుపెట్టి, భయాలన్నీ తర్వాత రాశారు. నల్గొండ దగ్గర పల్లెటూళ్ళో పదో తరగతి దాకా తెలుగు మీడియం. డిగ్రీకి హైదరాబాద్ వచ్చాక ఇంగ్లిష్ రాక క్లాసులో వెనక బెంచీలో దాక్కున్నారు. ఇంటర్వ్యూల్లో నోరు పెగలక కొన్ని ఉద్యోగాలు పోయాయి. ఇప్పుడు ఇంగ్లిష్‌లోనే ఆఫీసు పని చేసుకుంటున్నారు. కానీ పెళ్ళయిన కొత్తలో భర్త స్నేహితుల ముందు ఆవిడ ఇంగ్లిష్‌ని అనుకరించి నవ్వించారట. 'ఆయన ఆ రోజే మర్చిపోయారు, నాకు ఇప్పటికీ గుర్తే' అని రాశారు. ఈ మధ్య అమీర్‌పేటలో శని, ఆదివారాల స్పానిష్ క్లాసులో చేరారు. అందరూ ఇరవై ఏళ్ళ పిల్లలు. లేచి పరిచయం చేసుకోమనగానే గొంతు ఎండిపోయింది. మళ్ళీ ఆ క్లాసుకు వెళ్ళలేదు. ఫీజు పోయిందని ఇంట్లో చెప్పలేదు. అమ్మాయేమో యూట్యూబ్ చూసి టకటకా నేర్చుకుంటూ, తల్లి నోరు తెరిస్తే చాలు తప్పులు దిద్దుతోంది. భర్త మాత్రం 'అక్కడ ఇంగ్లిష్ చాలు, వెళ్ళాక అదే వస్తుంది, ఎందుకు టెన్షన్' అంటున్నారు.

ఆవిడ ముఖ్యంగా అడిగినవి మూడు. ఉద్యోగం ఇప్పుడే మానేసి భాష మీదే కూర్చోవాలా? వాళ్ళిద్దరినీ ముందు పంపించి, స్పానిష్ వచ్చాక వెళ్ళాలా? అసలు ఈ వయసులో వస్తుందా?

వస్తుందమ్మా. మిగిలిన రెండు ప్రశ్నలూ దీని మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి ముందు ఇది తేల్చుకుందాం.

మీ ఉత్తరంలో స్పానిష్ గురించి ఉన్నది అర పేజీ, మిగతాదంతా ఇంగ్లిష్ గురించే. అమీర్‌పేట క్లాసులో మీ గొంతు ఎండిపోయింది స్పానిష్ వల్ల కాదనే నాకనిపిస్తోంది. అప్పటికి మీకు వచ్చిన స్పానిష్ ఎంత, రెండు వాక్యాలు! అంత కొత్త భాషలో ఎవరైనా తడబడతారు, పక్కనున్న ఇరవై ఏళ్ళ కుర్రాడు కూడా తడబడే ఉంటాడు. కానీ మీకు ఆ క్షణంలో కనిపించింది డిగ్రీ క్లాసు, వెనక బెంచీ. మన ఊళ్ళో ఇంగ్లిష్ ఉత్త భాషగా ఉండదు. ఏ బడిలో చదివారు, నాన్న ఏం చేస్తారు, ఏ ఊరు, అన్నీ అందులో కనిపెట్టేస్తారు. దాని ముందు తలదించుకోవడం మీకు అలవాటు చేశారు. స్పానిష్‌కి ఇక్కడ ఆ బరువు లేదు. కూకట్‌పల్లిలో స్పానిష్ రాదని మిమ్మల్ని తక్కువగా చూసేవాళ్ళు లేరు. బార్సిలోనాలోనూ పరాయి దేశం నుంచి వచ్చినావిడ తప్పులతో మాట్లాడితే మీ చదువును అంచనా వేయరు. వినేవాళ్ళలో విసుక్కునేవాళ్ళు ఉంటారు, లేరని చెప్పను. అయితే ఆ విసుగు వేరు, మీరు పడ్డ అవమానం వేరు.

ఇంకో సంగతి. మీరు లోపం అనుకుంటున్న తెలుగు మీడియం ఈ భాషకు భలే పనికొస్తుంది. స్పానిష్‌లో అచ్చులు ఐదే: మన అ, ఇ, ఉ, ఎ, ఒ. ఇంగ్లిష్‌లోలా ఒకే అక్షరం పదిరకాలుగా పలకదు, రాసింది రాసినట్టు చదివితే చాలావరకు సరిపోతుంది. వాళ్ళ 'టి' మన 'త', వాళ్ళ 'డి' మన 'ద'కు దగ్గర. ఇంగ్లిష్ అలవాటుతో వచ్చేవాళ్ళు 'ట', 'డ' అంటూ మొదలుపెట్టి తర్వాత మార్చుకోలేక కష్టపడతారు. మీ అమ్మాయి దిద్దుతోందన్నారు కదా, 'నువ్వు' అనడానికి తను 'టూ' అంటోందో 'తూ' అంటోందో ఒకసారి వినండి. 'తూ' సరైనది. ఇంగ్లిష్ వాళ్ళు నెలల తరబడి సాధన చేసే ఆ గట్టి 'ర్ర' మీ నోట్లో ఎప్పట్నుంచో ఉంది, 'గుర్రం', 'బర్రె' అనేస్తారు కదా. 'పెరో' అంటే 'కానీ', 'పెర్రో' అంటే కుక్క. ఆ తేడా మీకు ఎవరూ నేర్పక్కర్లేదు.

వ్యాకరణంలోనూ కొన్ని మనకు ఇంటి సరుకే. 'వస్తాను' అంటే చాలు, 'నేను' అనక్కర్లేదు. స్పానిష్‌లో అంతే, 'ఆబ్లో' అంటే 'మాట్లాడతాను', 'ఆబ్లాస్' అంటే 'మాట్లాడతావు'. 'నాకు కాఫీ ఇష్టం', 'నాకు తల నొప్పిగా ఉంది' అని మనం ఎలా అంటామో దాదాపు అదే తీరులో వాళ్ళు 'మే గుస్తా ఎల్ కఫే', 'మే దువేలే లా కబేథా' అంటారు. నువ్వు, మీరు తేడా కూడా ఉంది. కాకపోతే స్పెయిన్‌లో షాపు వాళ్ళతో, పొరుగువాళ్ళతో 'నువ్వు'తోనే మాట్లాడేస్తారు. మనకు అదొక్కటీ ఇబ్బందిగా ఉంటుంది.

కష్టం లేదని అనడం లేదు. కుర్చీకి, బల్లకు, గోడకు లింగం ఉంటుంది, దాన్ని బట్టి విశేషణాలూ మారతాయి. హైదరాబాద్‌లో హిందీ మాట్లాడి ఉంటారు కాబట్టి 'కుర్సీ అచ్ఛీ' అనే లెక్క కొత్త కాదు, అయినా తప్పులు దొర్లుతూనే ఉంటాయి. భూతకాలాలు రెండు మూడు రకాలు. అన్నిటికంటే, వాళ్ళు మాట్లాడే వేగం. టీచరు చెప్పింది మొత్తం అర్థమైన మనిషికి కూరగాయల కొట్లో ఒక్క ముక్క అర్థం కాదు. అది అందరికీ జరిగేదే. మొదటి నెలల్లో వ్యాకరణం పట్టుకోవడంలో పెద్దవాళ్ళు పిల్లల కంటే ముందుంటారు. పిల్లలు దాటిపోయేది తర్వాత, ముఖ్యంగా యాసలో. మీ అమ్మాయి రెండేళ్ళలో మిమ్మల్ని మించిపోతుంది. దానికి సిద్ధపడండి, సంతోషించండి కూడా.

ఇక ఎంత వస్తుంది అన్న లెక్క. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు స్పానిష్ నేర్పడానికి 24 నుంచి 30 వారాలు పెడుతుంది. అది జీతమిచ్చి, రోజంతా క్లాసులో కూర్చోబెట్టి, ఇంకో పని లేకుండా. దాంతో వచ్చేది ఆఫీసు వ్యవహారం నడిపే స్థాయి. మీకు ఇప్పుడు అంత అవసరం లేదు. యూరప్‌లో భాషా స్థాయిలను ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అని ఆరుగా లెక్కిస్తారు. ఎ2 అంటే డాక్టరు దగ్గర ఒంట్లో ఏం బాగోలేదో చెప్పగలగడం, అద్దె ఇంటి ఓనరుకు గీజరు పాడైందని మెసేజ్ పెట్టగలగడం, స్కూల్లో పాప టీచరుతో నాలుగు మాటలు మాట్లాడగలగడం. దానికి సుమారు 150 నుంచి 200 గంటలు కావాలని భాష నేర్పేవాళ్ళు అంటారు. ఎనిమిది నెలలు, వారానికి ఆరు రోజులు, రోజుకు గంట వేసుకోండి. మీరు అకౌంట్స్ మనిషి, నేను చెప్పక్కర్లేదు, సరిగ్గా అక్కడికే తేలుతుంది.

ఇప్పుడు ఉద్యోగం మానడం సంగతి. మానేస్తే రోజూ ఐదారు గంటలు చదవొచ్చని మీ ఊహ. నాకు నమ్మకం లేదు. మీరు ఇంట్లో ఉన్నారని తెలిసిన మరుక్షణం గ్యాస్ సిలిండరు, కొరియర్లు, అత్తగారి డాక్టర్ అపాయింట్‌మెంట్లు, అపార్ట్‌మెంట్ మీటింగులు అన్నీ మీ లెక్కలో పడతాయి. పైగా ఎనిమిది నెలల జీతం పోతుంది, వీసా ఆలస్యమైతే ఇంకా పోతుంది. అన్నిటికంటే, 'ఉద్యోగం కూడా మానేశావు, ఇంకా రాలేదా' అనే మాట మీ మీద వేలాడుతుంది. ఎవరూ అనకపోయినా మీకు మీరే అనుకుంటారు. మరోవైపు, ఉద్యోగంలోనే ఉంటే మార్చి నెలాఖరు, ఆడిట్ రోజుల్లో గంట దొరకదు, రెండు మూడు వారాలు తప్పిపోతుంది, మొదలుపెట్టినప్పుడల్లా వెనక్కి వెళ్ళాలి. ఇదీ నిజమే. నాకు తోచే మధ్యదారి: ఇప్పుడు గంట లెక్కన సాగించడం, ప్రయాణానికి రెండు నెలల ముందు మాత్రమే ఉద్యోగం వదలడం. అప్పటికి భాషతో పరిచయం ఉంటుంది కాబట్టి ఆ రెండు నెలలూ నిజంగా పనికొస్తాయి. మీ ఇంటి ఆర్థిక పరిస్థితి మీరు రాయలేదు, ఆ జీతం మీద ఏదైనా లోన్ నడుస్తుంటే నా మాట పక్కన పెట్టండి.

వాళ్ళను ముందు పంపి తర్వాత వెళ్ళడం మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. భాష వచ్చాక వెళ్తానంటే, 'వచ్చింది' అని చెప్పే రోజు ఏది? భయపడే మనిషికి ఆ రోజు ఎప్పటికీ రాదు. ఆరు నెలలు ఏడాది అవుతుంది. ఈలోగా ఆ ఇల్లు మీరు లేకుండానే ఒక పద్ధతిలో పడిపోతుంది. ఏ కొట్లో ఏం దొరుకుతుందో, కరెంటు బిల్లు ఎలా కట్టాలో వాళ్ళిద్దరికీ తెలుస్తుంది, మీరు వెళ్ళి అతిథిలా నిలబడతారు. మీరు దేనికి భయపడుతున్నారో అదే జరుగుతుంది. అత్తగారి ఆరోగ్యమో, ఆఫీసులో ఆగాల్సిన పనో ఉంటే రెండు మూడు నెలలు వెనక వెళ్ళడంలో తప్పులేదు. అప్పుడు తేదీ ముందే రాసుకోండి, భాషతో దానికి ముడిపెట్టకండి.

అలాగని 'వెళ్ళాక అదే వస్తుంది' అనే మీవారి మాటతోనూ ఏకీభవించను. అదేమీ రాదు. ఆయన ఆఫీసులో ఇంగ్లిష్ నడుస్తుంది, అక్కడి వరకు ఆయన చెప్పింది నిజం. మీ రోజు నడిచేది ఆఫీసులో కాదు. మున్సిపాలిటీలో చిరునామా నమోదు చేయించుకోవాలి, దాన్ని 'పద్రోన్' అంటారు, అక్కడ చాలా పనులు దాని మీదే ఆధారపడతాయి. విదేశీయుల గుర్తింపు కార్డుకు పోలీసు ఆఫీసులో వేలిముద్రలు ఇవ్వాలి. ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ని కేటాయిస్తారు. ఎక్కడికైనా ముందుగా 'థీతా' తీసుకోవాలి, అంటే అపాయింట్‌మెంట్. ఈ కౌంటర్లలో ఇంగ్లిష్ వచ్చినవాళ్ళు దొరకడం అదృష్టం మీద ఉంటుంది. ఇక బార్సిలోనాలో రవాల్ అనే పేటలో పాకిస్తానీ దుకాణాలు కొల్లలు. మీ హైదరాబాదీ హిందీతో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, సిమ్‌కార్డు అన్నీ కొనేయొచ్చు. మొదటి నెలలో అది ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. అక్కడే ఆగిపోయి ఏళ్ళ తరబడి భాష రాకుండా గడిపేయడమూ అంతే సులభం.

మీ ఇంట్లో ఎవరూ గమనించనట్టున్న విషయం ఒకటి చెప్పాలి. మీ ఉత్తరం మొత్తంలో కాటలాన్ అన్న మాట లేదు. బార్సిలోనా ఉన్నది స్పెయిన్‌లో కాటలోనియా అనే ప్రాంతంలో. అక్కడ స్పానిష్‌తో పాటు కాటలాన్ కూడా అధికార భాష, అది స్పానిష్ యాస కాదు, వేరే భాష. ప్రభుత్వ బడుల్లో చదువు ప్రధానంగా కాటలాన్‌లో. బడి నుంచి వచ్చే కాగితాలు, మున్సిపాలిటీ బోర్డులు కూడా ఎక్కువగా అందులోనే. ఊళ్ళో అందరికీ స్పానిష్ వచ్చు కాబట్టి మీరు నేర్చుకుంటున్నది వృథా కాదు. స్పానిష్ వస్తే కాటలాన్ చదివి అర్థం చేసుకోవడం తేలికే. అక్కడికి వెళ్ళాక పెద్దవాళ్ళకు మొదటి మెట్లు నేర్పే ప్రభుత్వ క్లాసులూ ఉన్నాయి. ఇప్పుడే రెండూ నెత్తిన పెట్టుకోవద్దు. కానీ మీ అమ్మాయికి మాత్రం ఇది పెద్ద సంగతి. యూట్యూబ్ స్పానిష్‌తో ధీమాగా వెళ్ళి, సెప్టెంబరులో బడి తెరవగానే ఇంకో భాష ఎదురైతే ఆ పిల్ల బిత్తరపోతుంది. పన్నెండేళ్ళకు అక్కడ హైస్కూలు మొదలవుతుంది, అంటే తను సరిగ్గా మారే వయసు. కొత్తగా వచ్చిన పిల్లలకు భాష నేర్పే ప్రత్యేక తరగతులు బడుల్లో ఉంటాయి. ఇంటర్నేషనల్ స్కూలైతే ఇంగ్లిష్‌లో నడుస్తుంది, ఫీజు మాత్రం బాగా ఎక్కువ, పైగా పిల్ల ఆ ఊరి పిల్లలతో కలవడం తగ్గుతుంది. కంపెనీ ఫీజు ఇస్తుందా లేదా అన్నది మీవారు ఇప్పుడే అడగాలి. మీరు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన మొదటి విషయం ఇదే అనుకుంటాను. అప్పుడు ఇంట్లో భాష రాని మనిషి మీరొక్కరే అన్న లెక్క కూడా మారిపోతుంది.

ఎక్కడ నేర్చుకోవాలి? ఆ అమీర్‌పేట క్లాసుకే మళ్ళీ వెళ్ళమనను, మనసు విరిగాక అక్కడ కూర్చోలేరు. తార్నాకలో ఇఫ్లూ ఉంది, పాతవాళ్ళు ఇంకా సీఫెల్ అనే అంటారు. స్పానిష్ డిగ్రీ, పీజీ స్థాయిలో నేర్పే సెంట్రల్ యూనివర్సిటీ అది, విదేశీ భాషల్లో పార్ట్‌టైమ్ కోర్సులు కూడా నడుపుతుంది. ప్రవేశాలు ఎప్పుడో వాకబు చేయండి. చదువు పద్ధతిగా సాగుతుంది, బోధన బాగుంటుంది. కాకపోతే బేగంపేట నుంచి తార్నాకకు మెట్రోలో వెళ్ళి, మళ్ళీ అమీర్‌పేటలో మారి కూకట్‌పల్లి చేరేసరికి రాత్రవుతుంది, వంట ఎవరు చేస్తారన్న ప్రశ్న వస్తుంది. అక్కడా మళ్ళీ కుర్రవాళ్ళే ఎక్కువ ఉంటారు. రెండో దారి, స్పానిష్ ఎంఏ చదువుతున్న అమ్మాయి ఎవరైనా దొరికితే వారానికి మూడు రోజులు ఫోన్‌లోనో ఇంట్లోనో ఒక్కరికే పాఠం చెప్పించుకోవడం. గంటకు ఖర్చు ఎక్కువ, కానీ తప్పులు వినేది ఒక్కరే. మీకున్న జంకుకు ఇదే మేలనిపిస్తోంది. యాప్ మానక్కర్లేదు, మెట్రోలో మాటలు గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది. దానితో మాట్లాడటం మాత్రం రాదు.

ఏం నేర్చుకోవాలో కూడా మీరే టీచరుకు చెప్పండి. చాలా పుస్తకాలు విమానాశ్రయం, హోటలు అంటూ మొదలవుతాయి. మీకు కావలసింది డాక్టరు, బడి, కూరగాయలు, అద్దె ఇల్లు. ముందు అంకెలు పట్టండి. అపాయింట్‌మెంట్ టైమ్, ఫోన్ నంబరు, ఇంటి నంబరు, ధర, అన్నీ అంకెలే. అవి వేగంగా చెబితే ఎవరికైనా తికమకే. ఆఫీసులో వోచర్ చూసినప్పుడల్లా మొత్తాన్ని మనసులో స్పానిష్‌లో అనుకోండి. అన్నట్టు, అక్కడ దశాంశానికి కామా, వేలకు చుక్క పెడతారు. మన 1,250.50 వాళ్ళకు 1.250,50. అకౌంట్స్ చూసే కంటికి మొదట్లో చిరాకు పుట్టిస్తుంది.

పరీక్ష రాయాలా అని చివర్లో అడిగారు. భర్తతో కుటుంబంగా వెళ్ళే వీసాకు స్పెయిన్ సాధారణంగా భాషా సర్టిఫికెట్ అడగదు. మీవారి పర్మిట్ ఏ రకమో, దాని మీద మీకు పని చేసే అనుమతి వస్తుందో లేదో కంపెనీ ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గర మెయిల్‌లో రాయించుకోండి. ఉన్నత నైపుణ్య ఉద్యోగుల పర్మిట్ అయితే భార్యకూ పని చేసే హక్కు ఉంటుంది. అయినా అక్కడి అకౌంట్స్ ఉద్యోగానికి బి2 పైన స్పానిష్, వాళ్ళ పన్ను చట్టాలు రావాలి. మొదటి ఏడాది ఆ ఆశ పెట్టుకోకండి. సర్టిఫికెట్ కావాలంటే దెలే అనే పరీక్ష ఉంది. స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్తితుతో సెర్వాంతెస్ నిర్వహిస్తుంది, దాని కేంద్రం ఢిల్లీలో ఉంది. ఆ సర్టిఫికెట్‌కు గడువు తీరడం ఉండదు. చాలా ఏళ్ళ తర్వాత పౌరసత్వం మాట వస్తే ఎ2 అడుగుతారు, అప్పుడు పనికొస్తుంది. తేదీ దగ్గరపడితేనే చదివే మనిషైతే రాయండి. పరీక్ష పేరు చెబితే నిద్ర పట్టని మనిషైతే వదిలేయండి, ఇప్పుడు దాని అవసరం లేదు.

ఇంట్లో విషయం మిగిలింది. కూతురుతో ఒక ఒప్పందం చేసుకోండి: 'నేను మాట పూర్తి చేశాక చెప్పు, మధ్యలో ఆపకు.' పదకొండేళ్ళ పిల్లకు ఇది అర్థమవుతుంది. మీవారితో మాట్లాడటం అంత తేలిక కాదు. ఆ పాత సంగతి ఇప్పుడు ఎత్తితే 'అప్పటిది ఇంకా పట్టుకుని ఉన్నావా' అని గొడవ పెట్టుకోవచ్చు. ఎత్తకపోతే, మీరు ఆయన ఎదుట ఎప్పటికీ స్పానిష్‌లో నోరు తెరవరు, కౌంటర్‌లో ఆయన్నే ముందుకు తోస్తారు. నేనైతే చెప్పేస్తాను, ఫిర్యాదుగా కాకుండా షరతుగా: 'అప్పుడు మీరు నవ్వించారు, నాకు గుర్తుంది, ఈసారి నవ్వకండి.' అమీర్‌పేట ఫీజు సంగతి కూడా అప్పుడే చెప్పేయండి, దాచినకొద్దీ అది పెరుగుతుంది. దాంతో పాటే అడగండి: రోజూ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకు మీది పాఠం, ఆయనది వంటిల్లు. ఆ గంటకు ఆయన ఒప్పుకోకపోతే, ఇందాక వేసిన 200 గంటల లెక్కను సగం చేసుకోండి, అప్పుడు ఎ1తో వెళ్తారు. అదీ మునిగిపోయేదేం కాదు, మొదటి ఆరు నెలలు కాస్త ఇబ్బంది ఎక్కువ.

ఇంకొక్క పని, దీనికి భాషతో సంబంధం లేదు. మీ డిగ్రీ సర్టిఫికెట్, పెళ్ళి సర్టిఫికెట్, పాప జనన ధ్రువపత్రం అన్నిటికీ మన విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర, అంటే ఆ కాగితాలు పరాయి దేశంలో చెల్లేందుకు వేసే ముద్ర, వేయించాలి, ఆ తర్వాత అధికారిక అనువాదకులతో స్పానిష్‌లోకి మార్పించాలి. దీనికి వారాలు పడుతుంది. పేర్లలో ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో దాంట్లో వెనక ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. ఆఫీసులో ఎక్స్‌పీరియెన్స్ లెటర్ మాత్రం ఉద్యోగం వదిలే రోజే లెటర్‌హెడ్ మీద తీసుకోండి, అక్కడి నుంచి ఫోన్లు చేసి తెప్పించుకోవడం మహా కష్టం. రాజీనామా ఉత్తరం వీసా చేతికొచ్చాకే ఇవ్వండి, దానివల్ల ఇందాక చెప్పిన రెండు నెలల ఖాళీ తగ్గినా సరే. నోటీసు రెండు నెలలు ఉంటే, అది ఇప్పుడే క్యాలెండర్ మీద వెనక నుంచి లెక్కవేసి పెట్టుకోండి.